దిష్టిబొమ్మ ఫాక్స్‌ది, పథకం కేట్స్‌బీది

సంపాదకులకు,

నవంబరు మొదటి వారంలో లండన్ నుంచి ఒక చిన్న వార్త తెలుగు పత్రికల్లోకి ఏటా వచ్చి పడుతుంది. ఆకాశంలో విచ్చుకున్న తారాజువ్వల ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు. పార్లమెంటును పేల్చబోయిన గై ఫాక్స్ పట్టుబడ్డ రోజును బ్రిటన్ ప్రజలు బాణసంచాతో జరుపుకుంటారని అందులో ఉంటుంది. ఫాక్స్ కుట్రకు నాయకుడని కొందరు రాస్తారు. రాచరికం మీద తిరగబడ్డ ప్రజావీరుడని ఇంకొందరు రాస్తారు. రెండూ తప్పే. ఇంగ్లండ్ చరిత్రను ఏళ్లుగా చదువుతూ, చెబుతూ ఉన్నవాళ్లం కాబట్టి ఈ తప్పులు అలాగే స్థిరపడిపోతుంటే ఊరుకోలేకపోతున్నాం. 1605 నాటి ఆ కుట్ర వెనుక నిజమైన అణచివేత ఉంది, ముందు వందలమందిని ఒక్కసారిగా చంపే పథకం ఉంది. దాని జ్ఞాపకంగా మొదలైన పండుగ 250 ఏళ్లకు పైగా ఒక మతంవారందరినీ దోషుల్లా నిలబెట్టింది. వార్త ఎంత చిన్నదైనా ఈ మూడు సంగతులూ అందులో ఉండాలని మా విన్నపం.

ముందు కారణం చెప్పుకోవాలి. ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ రాజ్యం, అంటే పోప్ అధికారాన్ని కాదన్న క్రైస్తవ శాఖవారిది. పోప్‌ను అనుసరించే కేథలిక్కుల మీద అణచివేత ఉండేది. ఆదివారం ప్రభుత్వ చర్చికి రానివారికి మొదట షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు) జరిమానా ఉండేది. 1581లో దాన్ని నెలకు 20 పౌండ్లు చేశారు. మామూలు కుటుంబానికి అది ఏళ్ల తరబడి సంపాదించినా కట్టలేని మొత్తం. భూస్వాములు కూడా ఆస్తులు తెగనమ్ముకునే స్థితికి వచ్చారు. కేథలిక్ మతగురువును ఇంట్లో దాచిపెడితే మరణశిక్ష. 1603 మార్చిలో ఎలిజబెత్ చనిపోయి స్కాట్లండ్ రాజు జేమ్స్ గద్దెనెక్కినప్పుడు కేథలిక్కులు ఎంతో ఆశపడ్డారు, ఎందుకంటే ఆయన తల్లి మేరీ కేథలిక్. మొదట్లో జరిమానాలు కొంత సడలాయి కూడా. ఏడాది తిరక్కుండానే మతగురువులు దేశం విడిచి పోవాలని ఆజ్ఞ వచ్చింది, జరిమానాల వసూలు మళ్లీ మొదలైంది. 1604 ఆగస్టులో కేథలిక్ దేశమైన స్పెయిన్‌తో సంధి కుదిరింది. దాంతో స్పెయిన్ సైన్యం వచ్చి ఆదుకుంటుందన్న ఆశ కూడా పోయింది.

ఆ సంధికి ముందే, అదే ఏడాది మే 20న లండన్ స్ట్రాండ్ వీధిలోని డక్ అండ్ డ్రేక్ అనే సత్రంలో ఐదుగురు కేథలిక్కులు కలిశారు. పిలిచినవాడు రాబర్ట్ కేట్స్‌బీ. వార్విక్‌షైర్‌కు చెందిన పెద్ద కుటుంబంవాడు. తండ్రి మతం కోసం జైలుపాలైనవాడు. తాను 1601లో ఎలిజబెత్ మీద ఎసెక్స్ ప్రభువు చేసిన తిరుగుబాటులో పాల్గొని, భారీ జరిమానా కట్టి ప్రాణాలు దక్కించుకున్నాడు. పథకం ఆయనదే, మనుషుల్ని చేర్చింది ఆయనే, డబ్బు సమకూర్చింది కూడా చాలావరకు ఆయనే. మిగతా నలుగురు థామస్ వింటర్, జాన్ రైట్, థామస్ పెర్సీ, గై ఫాక్స్. ఫాక్స్ 1570లో యార్క్ నగరంలో ప్రొటెస్టెంట్ ఇంట పుట్టాడు. తండ్రి పోయాక తల్లి కేథలిక్ కుటుంబంలో మళ్లీ పెళ్లి చేసుకుంది. తర్వాత నెదర్లండ్స్ యుద్ధంలో స్పెయిన్ పక్షాన ఏళ్లపాటు పోరాడి, గీడో అని పేరు మార్చుకున్నాడు. అతన్ని ఎంచుకున్నది రెండు కారణాల వల్ల. ఒకటి, సైనికుడు కాబట్టి మందుగుండు పని తెలుసు. రెండోది, చాలాకాలం విదేశంలో ఉండటం వల్ల లండన్‌లో అతని మొహం ఎవరికీ తెలియదు. అంటే అతను చేతిపని తెలిసిన మనిషి, కాపలాదారు. పట్టుబడ్డది అతనే కావడంతో జనం నోళ్లలో అతని పేరే నిలిచిపోయింది.

చివరికి కుట్రలో చేరినవాళ్లు 13 మంది అయ్యారు. ఆ పదమూడుగురిలో కేట్స్‌బీ నౌకరు థామస్ బేట్స్ ఒక్కడే సామాన్యుడు. పార్లమెంటు ప్రారంభోత్సవం రోజున ప్రభువుల సభలో రాజు, రాణి, యువరాజు హెన్రీ, బిషప్పులు, న్యాయమూర్తులు, ఉభయ సభల సభ్యులు ఉన్నప్పుడు కింద మందుగుండు పేల్చాలి. అదే సమయంలో కోవెంట్రీ దగ్గర కూమ్ అబ్బీలో ఉన్న జేమ్స్ కూతురు, తొమ్మిదేళ్ల రాకుమారి ఎలిజబెత్‌ను ఎత్తుకొచ్చి, రాణిని చేసి, తాము వెనుకనుంచి పాలించాలి. వేట పేరుతో డన్‌చర్చ్‌లో పెద్దమనుషుల్ని గుర్రాలతో సహా సిద్ధంగా ఉంచే ఏర్పాటు కూడా జరిగింది. ఇందులో ప్రజలకు స్వేచ్ఛ ఇచ్చే ఆలోచన ఎక్కడా లేదు. ఒక రాజును తీసి ఇంకో రాణిని పెట్టడమే. అంతకంటే కఠినమైన సంగతి ఒకటుంది. ఆ సభలో కేథలిక్ ప్రభువులు కూడా ఉంటారని కుట్రదారులకు తెలుసు. అమాయకులు చచ్చిపోయినా తప్పు లేదా అన్న ప్రశ్నను కేట్స్‌బీ మతగురువు హెన్రీ గార్నెట్ దగ్గర యుద్ధానికి సంబంధించిన ప్రశ్నగా మార్చి అడిగాడు. వచ్చిన జవాబును తనకు అనుకూలంగా తీసుకున్నాడు.

ఇక స్థలం. "నేలమాళిగ" అని రాస్తారుగానీ అది భూమి లోపలి గది కాదు. ప్రభువుల సభ మేడ మీద జరిగేది, దాని కింద నేల మట్టంలో ఉన్న పాత గోదాము గది అది. బొగ్గులమ్మే ఒకావిడ ఖాళీ చేస్తుండగా 1605 మార్చిలో పెర్సీ దాన్ని అద్దెకు తీసుకున్నాడు. పెర్సీ రాజు అంగరక్షక బృందంలో ఉద్యోగి కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఫాక్స్ "జాన్ జాన్సన్" అనే పేరుతో అతని నౌకరులా అక్కడ ఉండి తాళం చూసుకునేవాడు. థేమ్స్ అవతలి ఒడ్డున లాంబెత్‌లో కేట్స్‌బీ ఇంట్లో దాచిన పీపాలను రాత్రిళ్లు పడవల్లో దాటించారు. మొత్తం 36 పీపాలు. వాటిమీద కట్టెల మోపులు, బొగ్గు పరిచి కప్పేశారు. అంతకుముందు పక్క ఇంటి నుంచి సొరంగం తవ్వారన్న మాట వాంగ్మూలాల్లో ఉంది. అయితే తవ్విన ఆనవాలు గానీ, తవ్వి తీసిన మట్టి గానీ ఎవరికీ దొరకలేదు. అందుకే చరిత్రకారుల్లో చాలామంది సొరంగం మాటను నమ్మరు. పత్రికలు దాన్ని జరిగిన సంగతిలా రాయకపోవడం మంచిది.

మందుగుండు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పథకం కుదుర్పు, దాని లోపం రెండూ అక్కడే ఉన్నాయి. సూరేకారం, కర్రబొగ్గు, గంధకం కలిపి చేసేది అది. తర్వాతి కాలంలో స్థిరపడ్డ పాళ్లు నూటికి 75, 15, 10. బొగ్గు, గంధకం మండేవి, వాటికి ప్రాణవాయువు అందించేది సూరేకారం. ఉత్త పొడిగా ఉంటే రవాణా కుదుపుల్లో బరువైనవి కిందికి, తేలికైనవి పైకి చేరి పాళ్లు చెడిపోతాయి. అందుకని తడిపి, ముద్ద చేసి, జల్లించి గింజలు కట్టేవారు. గింజల మధ్య సందుల్లోంచి మంట వేగంగా పాకుతుంది. శుద్ధి సరిగా కాని సూరేకారంలో ఇతర లవణాలు మిగిలితే అవి గాలిలోని చెమ్మను లాగేస్తాయి. చెమ్మ పట్టిన మందు పేలదు, చిటపటలాడి ఆరిపోతుంది. నది పక్కన, నేల మట్టంలో, వేసవి అంతా నిల్వ ఉన్న సరుకుకు పట్టిన గతి అదే. పాతది చెడిందని గ్రహించి కుట్రదారులు వేసవి చివర మళ్లీ కొత్త పీపాలు తెచ్చారు. పట్టుబడ్డ మందును లండన్ టవర్ అనే కోటకు చేర్చినప్పుడు అక్కడి లెక్కల్లో "చెడిపోయినది" అనే రాసుకున్నారు.

ఇంకో కిటుకు బిగింపులో ఉంది. ఇదే మందును విడిగా నేలమీద పోసి అంటిస్తే భగ్గుమని మండి పోతుందే తప్ప గోడలు కూల్చదు. గట్టిగా మూసిన చోట మండితే పుట్టిన వాయువుకు దారి దొరక్క అప్పుడు పేలుతుంది. ఫాక్స్‌కు ఇది బాగా తెలుసు. పీపాల మీద కట్టెలతో పాటు ఇనుప కడ్డీలు కూడా పెట్టాడు. మందు బాగుండి ఉంటే పేలుడు జరిగేదా అన్న సందేహం తీర్చడానికి 2005లో, అంటే 400 ఏళ్ల సందర్భంగా, బ్రిటన్‌లో ఒక టీవీ కార్యక్రమం కోసం ఆనాటి సభామందిరం నమూనాను కట్టి, ఒక టన్ను మందుగుండుతో పేల్చి చూశారు. కాంక్రీటు గోడలు పిండి పిండి అయ్యాయి. రాజు కుర్చీలో కూర్చోబెట్టిన బొమ్మ తల ఎక్కడో దూరాన పడింది. లోపలున్నవాళ్లలో ఒక్కరు కూడా బతికి ఉండేవారు కాదని తేలింది.

సూరేకారం ఇంగ్లండ్‌లో కొరత సరుకు. రాజుగారి మనుషులు పశువుల కొట్టాలు, పావురాల గూళ్లు, ఇళ్ల నేలలు తవ్వి ఆ మట్టి పట్టుకుపోయేవారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన దేశపు సూరేకారం, ముఖ్యంగా బీహారు సరుకు, ఇంగ్లండ్ చేరడంతో ఆ తవ్వకాల బెడద తీరింది. ఆ కంపెనీ తెలుగు తీరాన మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టింది 1611లో. అప్పటికి ఇంగ్లండ్ రాజు ఈ జేమ్సే, కుట్ర జరిగి ఆరేళ్లయింది. తెలుగు పాఠకులకు ఈ కాలం దూరమైనదేమీ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

పథకం ఎందుకు చెడింది? గూఢచారుల చాకచక్యం అని చాలామంది అంటారు. మా లెక్కలో అసలు కారణం ఆలస్యం. పార్లమెంటు 1605 ఫిబ్రవరిలో కూడాల్సింది. లండన్‌లో ప్లేగు భయంతో అక్టోబరు 3కి వాయిదా వేశారు, ఆ తర్వాత నవంబరు 5కి. ఆ తొమ్మిది నెలల్లో మందు చెడింది, మళ్లీ కొనాల్సి వచ్చింది. ఇళ్ల అద్దెలు, గుర్రాలు, ఆయుధాల ఖర్చు కేట్స్‌బీ మోయలేని స్థాయికి చేరింది. డబ్బున్నవాళ్ల కోసం వెతికి ఆంబ్రోస్ రుక్‌వుడ్, ఎవరార్డ్ డిగ్బీ, ఫ్రాన్సిస్ ట్రెషమ్‌లను చివర్లో చేర్చుకున్నాడు. ఐదుగురి మధ్య ఉన్న రహస్యం పదమూడుగురి మధ్యకు వచ్చింది. ప్రతి ఒక్కరికీ ఆ సభలో ఒక బావమరిదో, మేనమామో, స్నేహితుడో ఉన్నాడు.

అక్టోబరు 26 రాత్రి లండన్ శివారు హాక్స్‌టన్‌లో ప్రభువుల సభ సభ్యుడైన మాంటీగల్ ప్రభువు భోజనానికి కూర్చోబోతుండగా సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. ప్రాణం మీద ఆశ ఉంటే ఏదో ఒక సాకు చెప్పి పార్లమెంటుకు రావద్దు, అక్కడ ఘోరమైన దెబ్బ తగులుతుంది, కొట్టిందెవరో కనపడదు అని దాని సారం. మాంటీగల్ ట్రెషమ్‌కు బావ. అందుకే అనుమానం ట్రెషమ్ మీదికే పోయింది, కానీ రాసిందెవరో ఈనాటికీ తేలలేదు. మాంటీగల్ దాన్ని నౌకరుచేత బిగ్గరగా చదివించి, ఆ రాత్రే తీసుకెళ్లి మంత్రి రాబర్ట్ సెసిల్ చేతిలో పెట్టాడు. చదివిన నౌకరు కుట్రదారులకు కబురు పంపాడు. తెలిసి కూడా వాళ్లు ఆగలేదు. ఫాక్స్ వెళ్లి చూసి, పీపాలు ఎవరూ కదపలేదని చెప్పేసరికి ధైర్యం తెచ్చుకున్నారు.

ఉత్తరం నవంబరు 1న రాజుకు చూపించారు. "దెబ్బ" అన్న మాట చూడగానే జేమ్స్ మందుగుండును ఊహించాడని అధికారిక కథనం. రాజును పొగడటానికి అలా రాశారని అనుమానించేవాళ్లున్నారు. కానీ ఆయన తండ్రి డార్న్‌లీ బస చేసిన ఇంటిని 1567లో ఎడిన్‌బరోలో మందుగుండుతోనే పేల్చేశారు. ఆ కుటుంబంలో పుట్టినవాడికి ఆ ఊహ తట్టడంలో వింత లేదు. 4వ తేదీన మొదటిసారి వెతికినప్పుడు కట్టెల గుట్ట, పక్కన ఒక నౌకరు కనపడ్డారు, వదిలేశారు. అంత కట్టె ఎందుకన్న అనుమానంతో అర్ధరాత్రి వేళ థామస్ నివెట్ అనే అధికారి మనుషులతో మళ్లీ వెళ్లాడు. ఫాక్స్ చెప్పులూ దుస్తులూ ప్రయాణానికి సిద్ధంగా తొడుక్కుని ఉన్నాడు. దగ్గర నెమ్మదిగా కాలే వత్తి, గడియారం, లాంతరు దొరికాయి. ఆ లాంతరు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్‌మోలియన్ మ్యూజియంలో ఉంది.

మిగిలినవాళ్లు మధ్య ఇంగ్లండ్‌కు పారిపోతూ జనాన్ని తిరుగుబాటుకు పిలిచారు. కేథలిక్కులే తలుపులు వేసేసుకున్నారు. నవంబరు 7 రాత్రి స్టాఫర్డ్‌షైర్‌లోని హోల్‌బీచ్ హౌస్ చేరేసరికి వాళ్ల బండిలోని మందు వానకు తడిసిపోయింది. దాన్ని ఆరబెట్టడానికి పొయ్యి ముందు పరిచారు. ఒక నిప్పురవ్వ ఎగిరి పడింది. బిగింపు లేదు కనుక ఇల్లు కూలలేదు, మంట మాత్రం ఒక్కసారిగా లేచి మనుషుల్ని కాల్చేసింది. కుట్రదారుల్లో ఒకడైన జాన్ గ్రాంట్ కళ్లు పోయాయి. పార్లమెంటును లేపుదామనుకున్నవాళ్లు తమ మందుకే కాలిపోయారని నాటి జనం దాన్ని దైవశిక్షగా చెప్పుకున్నారు. మరునాడు పొద్దున వూస్టర్ షెరీఫ్ మనుషులు ఇంటిని చుట్టుముట్టారు. కేట్స్‌బీ, పెర్సీ పక్కపక్కన నిలబడి పోరాడుతూ ఒకే తూటాకు కూలారు. జాన్ రైట్, కుట్రలో చేరిన అతని తమ్ముడు ఇద్దరూ అక్కడే చనిపోయారు.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి మన దగ్గర కారణం ఉంది. దీపావళికి ముందు చెమ్మ పట్టిన టపాసుల్ని ఎండబెట్టడం ప్రతి తెలుగింట్లో ఉన్న అలవాటు. డాబా మీద ఎండలో పెట్టినంతవరకు సరేగానీ, వాన పట్టుకుందని కుంపటి పక్కన, గ్యాస్ పొయ్యి దగ్గర, హీటర్ ముందు పెట్టేవాళ్లున్నారు. ఆ పని ఎన్నడూ చేయకూడదు. ఆరిన మందుకు మంటే అక్కర్లేదు, రవ్వ చాలు.

లండన్‌లో ఫాక్స్ మొదట తన పేరు కూడా చెప్పలేదు. ముందు తేలికైన హింసలతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచమని నవంబరు 6న రాజే స్వయంగా రాసిచ్చాడు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఫాక్స్ వాంగ్మూలాలు భద్రంగా ఉన్నాయి. హింసకు వెంటనే తర్వాతి కాగితం మీద "గీడో" అన్న ఒక్క మాట వణుకుతూ, వాలిపోతూ ఉంటుంది, ఇంటిపేరు పూర్తి చేసే శక్తి లేదు. కొన్ని రోజుల తర్వాతి కాగితం మీద సంతకం మళ్లీ నిలకడగా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసినవాళ్లెవరికీ ఆ వాంగ్మూలాల్లో ఎంత భాగం నిజమో, ఎంత భాగం అడిగినవాళ్లు రాయించుకున్నదో అన్న ప్రశ్న రాకుండా ఉండదు.

ట్రెషమ్ డిసెంబరులో టవర్ జైలులోనే జబ్బుచేసి పోయాడు. మిగిలిన ఎనిమిదిమందిని 1606 జనవరి 27న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌లో విచారించి, 30, 31 తేదీల్లో చంపారు. ఉరితీసి, ప్రాణం ఉండగానే కిందికి దించి, కడుపు చీల్చి, నాలుగు ముక్కలు చేయడం ఆనాటి రాజద్రోహ శిక్ష. ఫాక్స్ వంతు చివర్లో వచ్చింది. ఉరికంబం మీది నుంచి పడిపోవడంతోనే మెడ విరిగి చనిపోయాడు. అతన్ని మంటల్లో కాల్చారని చాలామంది అనుకుంటారు, ఏటా కాల్చే దిష్టిబొమ్మను చూసి అలా అనిపిస్తుంది. ఏ కుట్రదారుణ్నీ కాల్చలేదు. మతగురువు గార్నెట్‌ను మే 3న ఉరితీశారు. పెర్సీ బంధువైన నార్తంబర్లండ్ ప్రభువుకు కుట్రలో చేయి ఉందని రుజువు కాకపోయినా 30,000 పౌండ్ల జరిమానా వేసి, 1621 దాకా టవర్‌లో ఉంచారు.

ఇప్పుడు పండుగ సంగతి. నవంబరు 5 రాత్రే లండన్ జనం వీధుల్లో నెగళ్లు వేశారు, రాజు బతికాడని. మరుసటి జనవరిలో పార్లమెంటు చట్టం చేసింది. ఏటా నవంబరు 5న ప్రతి చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలి, అందరూ హాజరు కావాలి, చట్టాన్ని గట్టిగా చదివి వినిపించాలి. జేమ్స్‌కు ఇది కొత్త కాదు. 1600 ఆగస్టు 5న స్కాట్లండ్‌లోని పెర్త్‌లో గౌరీ ప్రభువు ఇంట్లో తన మీద హత్యాయత్నం జరిగిందంటూ ఆ తేదీకి కూడా ఏటా ప్రార్థనలు పెట్టించాడు. ఆగస్టు పండుగ ఆయనతోనే పోయింది, నవంబరుది నిలిచింది. ఒకటి నిలిచి ఒకటి పోవడానికి కారణం ఏమిటంటే, నవంబరుది రాజొక్కడి ప్రాణం గురించి కాదు, సభ మొత్తానికీ సంబంధించింది. అంతకు మించి, దానికి ఏటా ఒక శత్రువు కావాలి. ఆ శత్రువు దొరికింది.

1606లోనే కేథలిక్కులు పోప్‌ను ధిక్కరిస్తూ రాజుకు విధేయత ప్రమాణం చేయాలన్నారు. న్యాయవాద వృత్తి, వైద్యవృత్తి నిషేధించారు. ఇళ్లలో ఆయుధాల కోసం సోదాలు మొదలయ్యాయి. పదమూడుమంది చేసిన పనికి వేలమంది, ఆ పని పేరు కూడా విననివాళ్లు, శిక్ష అనుభవించారు. తర్వాత పార్లమెంటులోకి కూడా రానివ్వలేదు, కేథలిక్కులు అక్కడ మళ్లీ కూర్చోగలిగింది 1829 చట్టం తర్వాతే. నవంబరు 5 ప్రార్థన చట్టాన్ని రద్దు చేసింది 1859లో. కేథలిక్ మతస్థులు బ్రిటన్ సింహాసనం ఎక్కకూడదన్న నిబంధన మాత్రం ఇంకా ఉంది.

దిష్టిబొమ్మ కూడా మొదటినుంచీ ఫాక్స్‌ది కాదు. పదిహేడో శతాబ్దంలో కాల్చింది ఎక్కువగా పోప్ బొమ్మను. 1688లో అప్పటి కేథలిక్ రాజును దించడానికి ప్రొటెస్టెంట్ రాకుమారుడు విలియం సైన్యంతో ఇంగ్లండ్ తీరాన టోర్‌బేలో దిగిన తేదీ కూడా నవంబరు 5 కావడంతో పండుగకు కొత్త ఊపు వచ్చింది. ఫాక్స్ బొమ్మ తర్వాత్తర్వాత ముందుకొచ్చింది. 1850లో పోప్ ఇంగ్లండ్‌లో మళ్లీ బిషప్పులను నియమించినప్పుడు ఆ కోపంలో కార్డినల్ (కేథలిక్ మతపెద్ద) బొమ్మల్ని తగలబెట్టారు. అమెరికాలో బోస్టన్ జనం దీన్ని పోప్ డేగా జరిపేవారు. 1775 నవంబరు 5న జార్జ్ వాషింగ్టన్ తన సైన్యానికి ఆజ్ఞ ఇచ్చి ఆ పనిని ఆపించాడు. కెనడా కేథలిక్కుల సాయం కోరుతూ వాళ్ల మతాన్ని అవమానించడం తెలివితక్కువ పని అన్నది ఆయన వాదన. దీపావళికి నరకాసురుడి బొమ్మ కాల్చే ఊళ్లు మనకూ ఉన్నాయి. పురాణపాత్రను కాల్చడం వేరు, పక్కింట్లో ఉంటున్న మనిషి మతాన్ని కాల్చడం వేరు. ఈ తేడా మన పాఠకులకు చెప్పాలి.

ఈనాడు ఆ విషం చాలావరకు విరిగిపోయింది. పిల్లలు పాత ప్యాంటు, చొక్కాల్లో కాగితాలు కూరి, మొహం తగిలించి, తోపుడుబండిలో తిప్పుతూ చిల్లర అడిగే అలవాటు కూడా తగ్గిపోయింది. ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో మాత్రం పాత ఛాయలున్నాయి. బోన్‌ఫైర్ సంఘాలు వేషాలతో, కాగడాలతో ఊరేగి 17 మండే సిలువలు మోస్తాయి. అవి 1605కి సంబంధించినవి కావు. ఎలిజబెత్‌కు ముందు ఏలిన కేథలిక్ రాణి మేరీ (జేమ్స్ తల్లి కాదు) కాలంలో 1555 నుంచి 1557 వరకు ఆ ఊళ్లో సజీవంగా కాల్చిన 17 మంది ప్రొటెస్టెంట్ల గుర్తు. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. డెవాన్‌లోని ఆటరీ సెయింట్ మేరీలో లోపల తారు పూసిన పీపాలను అంటించి, చేతులకు గోనె చుట్టుకుని, భుజాన వేసుకుని జనం మధ్య పరుగెత్తుతారు. యార్క్‌లోని సెయింట్ పీటర్స్ స్కూల్లో మాత్రం ఫాక్స్ బొమ్మను కాల్చరు. అతను ఆ బడి పూర్వ విద్యార్థి. బ్రిటన్ రాజు పార్లమెంటును ప్రారంభించే ముందు యోమెన్ అనే పాతకాలపు కాపలా బృందం లాంతర్లతో కింది గదులు వెతికే ఆచారం ఇప్పటికీ ఉంది. ఫాక్స్ పట్టుబడ్డ గది మాత్రం లేదు. పాత భవనాల్లో అత్యధిక భాగం 1834 అక్టోబరు అగ్నిప్రమాదంలో పోయాయి.

ఫాక్స్ పేరుతో చెలామణి అవుతున్న ముసుగు గురించి ఒక మాట. సన్నని మీసం, నవ్వు మొహం ఉన్న ఆ ముసుగు 1980ల నాటి ఒక బ్రిటిష్ కామిక్ కథ కోసం గీసింది. సినిమా ద్వారా ప్రపంచమంతా పాకి నిరసనల్లో కనపడుతోంది. నిరసన తెలిపే హక్కును మేం గౌరవిస్తాం. కానీ ఆ మొహం 1605 నాటి మనిషిది కాదు, ఆ మనిషి కోరింది ప్రజాస్వామ్యమూ కాదు. ఫాక్స్ వార్తకు ఆ ముసుగు ఫొటో వేయడం మానితే ఎంతో మేలు.

బ్రిటన్‌లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. దీపావళి, ఈ పండుగ దగ్గరదగ్గరగా వస్తాయి. 2010లో రెండూ ఒకే రోజు వచ్చాయి. అక్కడి పిల్లల తల్లిదండ్రులకు పనికొచ్చే కొన్ని వివరాలు మీ విదేశీ పేజీలో వేయండి. ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు వారికి బాణసంచా అమ్మరు. మామూలు దుకాణాల్లో అమ్మకం అక్టోబరు 15 నుంచి నవంబరు 10 వరకు, దీపావళికి ముందు మూడు రోజులు, ఇంకా కొత్త సంవత్సరాలప్పుడు. రాత్రి 11 తర్వాత కాల్చకూడదు. నవంబరు 5న అర్ధరాత్రి దాకా, దీపావళి రాత్రి ఒంటిగంట దాకా వెసులుబాటు ఉంది. లక్ష్మీబాంబుల్లాంటి ఉత్త చప్పుడు టపాసులు 1997 నుంచే అక్కడ అమ్మకూడదు, ఇక్కడినుంచి సూట్‌కేసులో తీసుకెళ్లడం విమానంలో ఎంత ప్రమాదమో, నేరమో వేరే చెప్పక్కర్లేదు. వీధిలోకి విసరడం నేరం.

పెట్టె మీద ఎఫ్2 అని ఉంటే చూసేవాళ్లు కనీసం 8 మీటర్లు, ఎఫ్3 అని ఉంటే 25 మీటర్లు దూరంగా ఉండాలి. అక్కడి ఇళ్ల వెనుక తోటలు చాలావాటికి ఎఫ్3 సరిపోదు. విష్ణుచక్రాన్ని గుంజకు కొట్టేటప్పుడు మేకు మరీ బిగిస్తే తిరగదు, ఒకేచోట మండి గుంజను అంటిస్తుంది. ముందు వేలితో తిప్పి చూడాలి. అంటించినది పేలకపోతే దగ్గరికి వెళ్లొద్దు, మళ్లీ అంటించొద్దు, చాలాసేపు వదిలేసి తర్వాత నీళ్లలో ముంచాలి. కాకరపువ్వొత్తి వెయ్యి డిగ్రీలు దాటి మండుతుంది. ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, చేతికి గ్లవ్స్ ఉండాలి. అయిపోయిన తీగను పక్కనే పెట్టుకున్న నీళ్ల బకెట్‌లో వేయాలి. ఆరిపోయిందనుకుని ఆ తీగ తొక్కితే కాలు కాలుతుంది.

నెగడు వేస్తే ఇల్లు, కంచె, చెట్లకు కనీసం 18 మీటర్ల దూరంలో వేయాలి. పెట్రోలు, కిరోసిన్ పోయకూడదు. రంగు వేసిన చెక్క, పరుపుల స్పాంజి, ప్లాస్టిక్ వేస్తే విషపు పొగ వస్తుంది. దిష్టిబొమ్మలో కూడా కాగితం, గడ్డి తప్ప ఇంకేం కూరకూడదు. కట్టెలు ముందురోజే పేర్చిపెడితే హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు వాటి కింద చేరి పడుకుంటుంది. కాల్చే రోజునే పేర్చాలి, లేదా అంటించే ముందు కట్టెలన్నీ పక్కకు తీసి మళ్లీ పేర్చాలి. యార్క్‌షైర్‌లో ఆ రాత్రి తినే పార్కిన్ అనే అల్లం కేకును ఓట్స్ పిండి, నల్లటి ట్రీకిల్ పాకంతో చేస్తారు. చేసిన రోజు గట్టిగా ఉంటుంది, మూడు నాలుగు రోజులు డబ్బాలో మూతపెట్టి ఉంచితే మెత్తబడి మన పాకం అరిసెలా జిగురుగా అవుతుంది. నవంబరు 5కి తినాలనుకునేవాళ్లు ఒకటో తేదీకల్లా చేసుకోవాలి.

ఇట్లు,
ఇంగ్లండ్ చరిత్ర బోధించే కొందరు తెలుగు అధ్యాపకులు